కాలి మీద కర్పూరం

పిర్ర మీద పొడిస్తే మనిషి చావడన్న నమ్మకం మా చిత్తూరు వైపు ఎంత గట్టిదో నాకు ప్రభుత్వాసుపత్రిలో సర్జన్‌గా చేరిన మొదటి ఏడాదే తెలిసింది. పొలం గట్ల మీద, సారాయి అంగళ్ళ దగ్గర మాటా మాటా పెరిగి కత్తి తీసేవాళ్ళు కూడా కాస్త ముందూ వెనకా చూసుకునే తీసేవాళ్ళు. కడుపులో పొడిస్తే హత్యాయత్నం. తల పగలగొడితే జైలు. నడుము కింద, వెనక వైపు, కండ ఉన్నచోట ఒక పోటు పొడిస్తే అవతలివాడికి నొప్పీ సిగ్గూ రెండూ మిగులుతాయి, చాన్నాళ్ళు కూర్చోలేడు, కేసు మాత్రం గట్టిగా నిలవదు. కొట్లాటలో అదొక మర్యాద అన్నట్టు మాట్లాడేవాళ్ళు. బోర్లా పడుకోబెట్టి తెచ్చిన మగవాళ్ళకు కుట్లు వేసీ వేసీ నాకు ఒళ్ళు మండేది. పోలీసులు పట్టుకొచ్చిన ఒకడిని "అదేమన్నా దూది దిండు అనుకున్నావా" అని అడిగితే, "కండే కదమ్మా, దాంట్లో యాముంటాది" అన్నాడు.

దాంట్లో ఏముంటుందో నేను తిరుపతిలో చదువుకునే రోజుల్లోనే చూశాను. తొంభైల మొదట్లో మాట. శవాన్ని బోర్లా తిప్పి, పిర్ర మీది పెద్ద కండరాన్ని కోసి పక్కకు మడిస్తే అడుగున పిరిఫార్మిస్ అని ఒక చిన్న కండరం కనబడుతుంది. వెన్ను చివరి ఎముక దగ్గర మొదలై తొడ ఎముక పై కొన దాకా అడ్డంగా పోతుంది. కాలును నడిపే పెద్ద నరం, చిటికెన వేలంత లావు, ఆ కండరం కింది అంచు నుంచి బయటికొచ్చి తొడలోకి దిగుతుంది. పుస్తకంలో అట్లాగే ఉంటుంది. మా బల్ల మీది మనిషికి అట్లా లేదు. ఆయన నరం లోపలే రెండుగా విడిపోయి, ఒక సగం కండరం కింది నుంచి, రెండో సగం కండరాన్ని చీల్చుకుని దాని నడుమ నుంచి వచ్చింది. నాతోపాటు కోస్తున్న కుర్రాడు, నేనే తప్పుగా కోసి కండరాన్ని చీల్చానన్నాడు. మా నాయన నుంచి నాకు దిగిన ముక్కు మీది కోపం లేచింది. చేతిలో ఉన్న పట్టకారు వాడి మీదికి విసిరాను, అది వాడి చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది.

మాస్టారు వచ్చి చాలాసేపు వంగి చూశాడు. "కొందరికి ఇట్లా ఉంటుంది. కొందరికి ఈ కండరం పక్క కండరంతో అతుక్కుని ఉంటుంది. కొందరికి అసలుండదు. పుస్తకం మందిని చూసి రాస్తారు, మీరు కోసేది ఒక్క మనిషిని" అన్నాడు. తర్వాత ఆ పట్టకారు ఎవరు విసిరారో వాళ్ళే ఏరుకోవాలన్నాడు.

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం ట్రాక్టరు మీద ఒక మనిషిని తెచ్చారు. చిత్తూరుకూ తిరుపతికీ మధ్యలో ఉన్న ఊరు. అక్కడొక పాత పెరుమాళ్ళ గుడి ఉంది. ఉత్సవానికి స్వామి పల్లకి మోసే హక్కు ఒకే వంశానిది. పల్లకి కింద దూర్చే పొడవాటి దండెలున్నాయే, వాటిలో ముందు కుడి వైపు దండె పెద్ద ఇంటివాళ్ళు పట్టాలి. గుడి గడప దాటి బయటి నేల మీద మొదట పడేది ఆ మనిషి కాలే. ఈ తరంలో పెద్ద ఇల్లు ఎవరిదన్నది ఇద్దరు దాయాదుల మధ్య ఎంతకీ తేలలేదు. దండెలకు తాళ్ళు బిగిస్తున్నప్పుడు ఒకడు రెండోవాడి భుజం పట్టి లాగాడు, రెండోవాడు దండె చివరతో వాడి పళ్ళు రాలగొట్టాడు. పళ్ళు పోయినవాడు ఇంటికి పోయి చురకత్తి తెచ్చాడు. గుడి ముందే, అందరూ చూస్తుండగా, మర్యాద తప్పకుండా పిర్ర మీద పొడిచాడు.

పోటు తిని మా దగ్గరికి వచ్చినవాడు చెరకు పండించే రైతు. కుడి భుజం మీద దండె ఒరుసుకుని కోడిగుడ్డంత కాయ కాచి ఉంది. గాయంలో కుక్కిన తువ్వాలు తీయగానే నెత్తురు నా కళ్ళద్దాల మీదికి ఎగజిమ్మింది. లోపల రక్తనాళం తెగింది. అది తెగితే లోపలికి ముడుచుకుపోతుంది, కంటికి దొరకదు. నేను రెండు వేళ్ళు గాయంలోకి దూర్చి ఎముకకేసి అదిమిపట్టాను. ఆయన బల్ల రెక్సిన్ కొరికి పీకాడు. ఒక కాలితో కాంపౌండరు గుండెల మీద తన్నాడు. ఆయన పెళ్ళాం, బక్కపలచని మనిషి, ఏడవలేదు. రెండు కాళ్ళనూ తన కడుపుకేసి పట్టుకుని మీద పడుకుంది. "నువ్వు నీ పని సూడమ్మా, ఈయప్పను నేను పట్టుకుంటా" అంది.

మనిషి బతికాడు. పిర్ర పోటుకు మనిషి చావడన్న మాటను ఊళ్ళోవాళ్ళు ఇంకోసారి రుజువు చేసుకుని సంతోషపడ్డారు.

మంచం దిగి నడవబోయినప్పుడు సంగతి బయటపడింది. ఎడమ కాలు ఎత్తితే పాదం వేలాడిపోతోంది. అడుగు వేసినప్పుడల్లా వేళ్ళు ముందు నేలకు తగిలి, పాదం టప్పుమని పడుతోంది. నేను బల్ల మీద కూర్చోబెట్టి చూశాను. పాదాన్ని కిందికి తొక్కమంటే గట్టిగా తొక్కుతున్నాడు, పైకి ఎత్తమంటే వేళ్ళు కూడా కదలడం లేదు. గుండుసూదితో అరికాలు గుచ్చితే అరిచాడు. పాదం పైభాగాన గుచ్చితే "గుచ్చినావా?" అని నన్నే అడిగాడు.

నాకు తిరుపతిలోని ఆ బల్ల గుర్తొచ్చింది. కత్తి దిగిన చోటు మామూలుగా నరం వచ్చే చోటుకు చాలా పైన, ఆ చిన్న కండరం మీద. నా వేళ్ళు దాంట్లోనే దూరాయి కాబట్టి నాకు తెలుసు. మామూలు మనిషికి రెండు సగాలూ ఒకే కట్టగా కండరం కింద నుంచి వస్తాయి, అక్కడికి కత్తి పోనేలేదు. ఈయనకు పోయింది ఒక్క సగమే, పాదాన్ని పైకెత్తే సగం. అది కండరం నడుమ నుంచి వచ్చే రకమై ఉండాలి, కత్తి అక్కడ దాన్ని కోసేసి ఉండాలి. రెండో సగం కింద క్షేమంగా ఉంది. నేను భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఇదంతా వరిగడ్డి తాడు విడదీసి చూపించాను. వేలూరుకు పంపిస్తాను, తెగిన నరాన్ని కుట్టేవాళ్ళున్నారు, తొందరగా పోతే పాదం మళ్ళీ లేస్తుంది, ఆలస్యమైతే కండ ఎండిపోయి ఎవరూ ఏమీ చేయలేరు అని చెప్పాను.

"ఎప్పుడు పోవాల?" అని ఆమె అడిగింది.

ఆయన పాదం ఈడ్చుకుంటూ లేచి బయటికి పోయాడు. ఈలోగా దాయాది వైపు వాళ్ళు పట్నంలో ఒక నర్సింగ్‌హోం డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన చెడ్డవాడు కాదు, పుస్తకం తెరిచి బొమ్మ చూపించాడు. నరం ఇక్కడ, పోటు అక్కడ, ఆ పోటుకు ఈ నరం తెగదు. అంతటితో ఆగితే బాగుండేది. "మేము సూదులు వేసేది కూడా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే. అక్కడ నరముంటే ఊరంతా కుంటుతూ తిరగాలి" అన్నాడట. ఊరికి ఆ మాట పండగైపోయింది. ఊళ్ళో సూది వేయించుకోని మనిషి లేడు, అందరి కాళ్ళూ బాగానే ఉన్నాయి. మరి ఈయన కాలొక్కటే ఎందుకు వేలాడుతుంది? దాయాదిని జైలుకు పంపి దండె కాజేయడానికే. నాటకాల కాలు అని పేరు పెట్టారు. చెరకు నరికేచోట ఒకడు ఆయన నడకను అనుకరించి టపటపా నడిచి చూపిస్తే, ఈయన కొడవలి తిరగేసి వాడి దవడ విరగ్గొట్టాడు. ఆ దవడకు తీగ కట్టింది కూడా నేనే.

తీగ కట్టి వచ్చి ఆయన మీద అరిచాను. నీ కాలు ఎండిపోతోంది, వేలూరు పో అన్నాను.

"దొంగ అని పేరు పెట్టుకోని యాడికీ పోను" అన్నాడు. "కాలు బాగయి వస్తే యామంటారు? సూసినారా, నాటకం సాలించినాడు అంటారు. ముందు నా మాట నిజమని వాళ్ళు ఒప్పుకోవాల. ఆమైన యాడికన్నా పంపించు."

ఆ మాట నాకు పిచ్చిలాగా తోచింది, కానీ అబద్ధమని తోచలేదు. ఊరివాళ్ళు సరిగ్గా అట్లాగే అనేవాళ్ళు.

కొన్నాళ్ళకు ఆయన పెళ్ళాం ఆసుపత్రికి వచ్చింది. గుడి దగ్గర పెద్దలు కూర్చుంటున్నారట. కాలు నిజంగా పోయిందని తేలితే ముందు దండె ఈయనకే, పొడిచినవాడు మళ్ళీ దాన్ని అడగకూడదు. నాటకమని తేలితే ఈయన కేసు వాపసు తీసుకోవాలి, దండె వదులుకోవాలి. "నువ్వు వచ్చి ఒక మాట సెప్పమ్మా. నువ్వు సెప్తే ఇంటారు. అది అయిపోతే ఆ పొద్దే ఈయప్పను వేలూరికి తోలుకోని పోతాను" అంది. సంచిలో ఆయన పంచెలు, దుప్పటి అప్పటికే సర్ది తెచ్చుకుంది.

నేను పోయాను. గుడి మంటపంలో చాప పరిచారు. నడుమ కూర్చున్న పెద్దాయన తెల్లటి పంచెతో, తీరుగా దిద్దిన నామంతో, చాలా మర్యాదగా ఉన్నాడు. నాకు మజ్జిగ ఇప్పించాడు. నేను మళ్ళీ తాడు విడదీసి చూపించాను. అందరూ శ్రద్ధగానే విన్నారు. చివరికి పెద్దాయన అడిగాడు.

"ఇట్లా నరం చీలిపోయి రావడం అందరికీ ఉంటాదా అమ్మా?"

"అందరికీ ఉండదు. కొందరికే."

"ఈ మనిషికి ఉండాదని నువ్వు కండ్లారా సూసినావా?"

"కోసి చూస్తేనే కనబడుతుంది. పరీక్ష చేసి చెప్తున్నాను."

"అంటే నువ్వు సూడల్యా. ఆ డాక్టరూ సూడల్యా. ఆయన లేదంటాడు, నువ్వు ఉండాదంటావు." ఆయన గొంతులో వెటకారం లేదు. "అట్లయితే సూసినవాడు ఒకడే కదమ్మా, లోపల నిలబడుకోనుండాడు."

ఆ వైపు ఊళ్ళలో కర్పూరం ప్రమాణం తెలియనివాళ్ళు లేరు. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, మాట చెప్పి, స్వామి ఎదుట ఆర్పుతారు. పూజారి పళ్ళెంలో బిళ్ళలు తెచ్చాడు. రైతు ముందుకొచ్చి చెయ్యి చాపాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"చేతి మీద గొడవ లేదప్పా. గొడవంతా కాలి మీద. కాలి మీదనే పెట్టల్ల."

అందరూ సరేనన్నారు. దాంట్లో వాళ్ళకు కుట్ర ఏమీ లేదు, న్యాయంగా ఉందనే అనుకున్నారు. అబద్ధమైతే మంటకు కాలు లాక్కుంటాడు, లాక్కుంటే పాదం లేస్తుంది, నాటకం బయటపడుతుంది. నిజమైతే స్వామి కాపాడతాడు. నేను లేచి నిలబడి, "ఆ చోట ఆయనకు స్పర్శ లేదు. కాలినా తెలియదు. తెలియకపోవడమే నేను చెప్పిన దానికి రుజువు, గుండుసూది చాలు, నిప్పెందుకు" అని అరిచాను. నా మాట పూర్తి కాకముందే ఈయన ఎడమ పాదం మెట్టు మీద పెట్టాడు. పూజారి బిళ్ళలు పేర్చి వెలిగించాడు.

నేను ముందుకు దూకాను. ఇద్దరు ఆడవాళ్ళు నా నడుము పట్టుకున్నారు. "దేవుని పనికి అడ్డం రావద్దమ్మా" అని ఒకామె నా చెయ్యి మెలితిప్పింది. కర్పూరం నిలువునా మండింది. ఈయన కింద చూసుకోలేదు. దాయాది కళ్ళలోకే చూస్తున్నాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు, నవ్వుతున్నాడేమో అని కూడా అనిపించింది. ముందు వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. తర్వాత మాంసం కాలిన వాసన వచ్చింది. ఆ వాసన నాకు ఆపరేషన్ థియేటర్లో తెలుసు, వాళ్ళకు కూడా వంటిళ్ళలో తెలిసే ఉండాలి, కానీ "గోవిందా" అని ఒకరు అందుకున్నారు, తర్వాత మంటపమంతా అదే అరుపు.

ఆయన పెళ్ళాం నన్ను పట్టుకున్న ఆడదాని చెయ్యి కొరికింది. పట్టు వదలగానే నేను తీర్థం చెంబు లాక్కుని పాదం మీద కుమ్మరించాను. తీర్థం నేలపాలు చేసినందుకు ఎవరో నా వీపు మీద గుద్దారు. నేను వెనక్కి తిరిగి చెంబుతో కొట్టాను, ఎవరికి తగిలిందో చూడలేదు.

అప్పటికే పాదం పైభాగం తెల్లగా, తోలు ముక్కలాగా అయిపోయింది. దాయాది పొర్లుతూ వచ్చి ఈయన కాళ్ళ మీద పడ్డాడు. "నేను పాపం చేసినాను, నీ మాట నిజం, దండె నీదే" అని తల నేలకేసి బాదుకున్నాడు. పెద్దాయన కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఇంత మండినా చలించలేదంటే సత్యం కాక ఇంకేమిటి అన్నారు. నేను చెప్పినదే తేల్చారు, నేను చెప్పిన కారణంతో మాత్రం కాదు. నా జన్మలో అంత కోపం, అంత చేతకానితనం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ పొద్దే జీపులో ఎక్కమన్నాను. ఆయన రాలేదు. కొట్లాటతో ఆగిపోయిన ఉత్సవం జరిగేదాకా ఊరు దాటకూడదన్నారు పెద్దలు. స్వామి గుర్తు పెట్టిన కాలికి మందు ఏమిటని కూడా అన్నారు. పెళ్ళాం ఆయన చెయ్యి పట్టి లాగింది. ఆయన మొదటిసారి ఆమెను అందరి ముందూ కొట్టాడు. తర్వాత నేను నర్సును పంపితే ఇంటి ముందు నుంచే తిప్పి పంపేశారు. ఈయన ఆ కాలుతోనే పల్లకి ముందు కుడి దండె పట్టి గడప దాటాడట. వేలాడే పాదం పైభాగం ఎక్కడ తగులుతోందో తెలియదు కాబట్టి వీధులన్నీ ఈడ్చుకుంటూ నడిచాడట. ఊరంతా ఆ కాలికి మొక్కిందట.

ఆ తర్వాత ఆయన్ను మళ్ళీ ట్రాక్టరు మీదే తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, ఏదేదో మాట్లాడుతున్నాడు. పాదం విప్పితే వార్డులో మిగతా రోగులు లేచి బయటికి పోయారు. మడమ దాకా నల్లబడింది, పైన ఎముకలు కనబడుతున్నాయి, పిక్కలోకి చీము ఎక్కింది. పిర్ర మీది పాత గాయం కూడా లోపల చీముపట్టి ఉబ్బింది. పాదం ఉంచితే మనిషి పోతాడు. ఆయన పెళ్ళాం వేలిముద్ర వేసేముందు నన్ను ఒక్కటే అడిగింది. "అప్పుడే వేలూరు పోయింటే?"

నేను అబద్ధం చెప్పలేదు. "పాదం లేచుండేది" అన్నాను.

ముందు పిర్ర తెరిచాను. చీము కడిగి, కండరాన్ని పక్కకు తీసి చూశాను. కింద నుంచి ఒక సగం నరం, తెల్లగా, గీత కూడా పడకుండా దిగుతోంది. రెండో సగం పిరిఫార్మిస్ నడుమ నుంచి వస్తోంది, వచ్చినచోటే తెగి, చివర చింతగింజంత ముద్దగా గట్టిపడి ఉంది. అచ్చుగుద్దినట్టు నేను చెప్పినదే. మత్తు డాక్టరును పిలిచి చూపించాను. ఆయన చూసి "నిజమే" అన్నాడు. నాకు ఏ సంతోషమూ కలగలేదు. ఆ గాయాన్ని గుడ్డతో నింపి, మనిషిని తిప్పించి, మోకాలి కింద రంపం పెట్టాను.

తీసేసిన కాలును చుట్టాలకే ఇస్తాం, పూడ్చుకోవడానికి. బయటికి వస్తే వరండాలో పెద్దాయన, దాయాది, ఇంకో పదిమంది ఉన్నారు. కొత్త గుడ్డ, తులసి మాల తెచ్చారు. నేను పెద్దాయన ముందు నిలబడి, "కోసి కళ్ళారా చూశాను. నరం నేను చెప్పినట్టే ఉంది" అన్నాను.

"మాకు ఆ పొద్దే తెలిసిపోయినాదమ్మా, స్వామే సెప్పినాడు" అన్నాడు ఆయన, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఆ కాలు మాకు ఇప్పించు. సత్యం పలికిన కాలు. గుడి ఎనక తోటలో గుంత తీసిపెట్టినాము."

కాలు మూట తెస్తున్న ఆయాను చెయ్యెత్తి ఆపి, రైతు పెళ్ళామే దాన్ని అందుకుంది. బరువుకు ఆమె చేతులు ఒక్కసారి దిగాయి. దాయాది ముందుకొచ్చి మాల వేయబోతే మోచేత్తో నెట్టింది. నేరుగా పోయి బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒళ్ళో ఆ మూట పెట్టింది. ఆయన లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నా మొగుడు అబద్ధమాడడని నాకు మీ కర్పూరం సెప్పాల్నా? నాకు తెలుసు. నాకు కావాల్సింది కాలు. పెద్దాయనా, నువ్వు అడిగితే పలుకుతాడు కదా స్వామి. అడిగి, దీన్ని మళ్ళా అతికించి ఇయ్యి."

మూటలోంచి తడి ఆయన తెల్లటి పంచెలోకి దిగుతూ ఉంది. ఆయన చేతులు పైకి లేపి పట్టుకుని ఉన్నాడు, ఎక్కడ దించాలో తెలియనట్టు. దాన్ని తీసుకోమంటారా అన్నట్టు ఆయా నా వైపు చూసింది. నేను తీసుకోమని చెప్పలేదు.